ఉమ్మడి గోడకు ఇవతల: ఇంగ్లండ్‌లో ఇరుగుపొరుగు వేధింపుల ఫిర్యాదు వ్యవస్థను 14 నెలలు వాడిన అనుభవం

ఇంగ్లండ్‌లోని ఒక పట్టణంలో, వరుస ఇళ్లలో ఒకదానిలో, మేము 9 ఏళ్లుగా ఉంటున్నాం. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ ఇంట్లోకి కొత్తవారు అద్దెకు దిగిన నాటి నుంచి మొదలైన ఇబ్బంది ఒక దారికి రావడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలల్లో అత్యవసరం కాని ఫిర్యాదులకు పోలీసులు పెట్టిన 101 నంబరునూ, వారి ఆన్‌లైన్ ఫారాన్నీ, ఊరి పాలన చూసే కౌన్సిల్‌లోని శబ్ద ఫిర్యాదుల విభాగాన్నీ, ఆ ఇంటి యజమాని అయిన హౌసింగ్ అసోసియేషన్‌నూ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థ), చిట్టచివరికి అన్ని శాఖలూ కలిసి ఫిర్యాదును తిరిగి చూసే కేస్ రివ్యూ అనే ఏర్పాటునూ ఒకదాని తరువాత ఒకటిగా ఉపయోగించుకున్నాను. ఇది మనం కౌన్సిల్ ట్యాక్స్ కట్టి పొందుతున్న సేవే అయినా, అవసరం వచ్చి మీదపడే దాకా దీని గుమ్మం ఎటువైపు ఉందో మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ సమీక్ష. నేను వ్యవహరించిన కార్యాలయాల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నాకు కనబడిన లోపం ఒక ఆఫీసుదో ఒక ఉద్యోగిదో కాదు, ఆఫీసుకూ ఆఫీసుకూ మధ్య ఉన్న ఖాళీది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చట్టం మంచిది. నాతో మాట్లాడిన ఉద్యోగుల్లో ఎక్కువమంది మర్యాదస్తులు, ఓపిక ఉన్నవారు. కానీ ఈ వ్యవస్థ మనం ఎంత బాధపడ్డామన్నది తనంతట తాను తెలుసుకోదు. మనం ఎన్నిసార్లు, ఏ తేదీన, ఏ నంబరు కింద చెప్పామన్నదే దానికి తెలుస్తుంది. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసి ఉంటే 14 నెలలు 5 నెలలు అయ్యేవని గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగు పత్రికల్లో 'అసాంఘిక కార్యకలాపాలు' అని చదివితే మనకు పేకాట శిబిరాలో, లాడ్జీల మీద దాడులో గుర్తుకొస్తాయి. ఇక్కడ 'యాంటీ సోషల్ బిహేవియర్' అన్న మాటకు, అంటే అందరూ క్లుప్తంగా ఏఎస్‌బీ అనేదానికి, అర్థం అది కాదు. ఎవరికైనా వేధింపు, భయం లేదా మనోవేదన కలిగించిన, లేదా కలిగించగల ప్రవర్తన ఏదైనా దాని కిందికే వస్తుందని 2014 నాటి ఏఎస్‌బీ, నేరాలు, పోలీసు వ్యవహారాల చట్టం చెబుతోంది. ఇంట్లో ఉన్న మనిషికి తన ఇంట్లో తాను ఉండటానికే ఇబ్బంది కలిగించే చేష్టలను కూడా అది కలుపుకుంది. పోలీసులు దీన్ని మూడు రకాలుగా నమోదు చేస్తారు: ఒక మనిషినో కుటుంబాన్నో గురిపెట్టి చేసేది, పేటకంతటికీ చికాకు కలిగించేది, పరిసరాలను పాడుచేసేది. మనం చెప్పినది మొదటి రకం కింద రాసుకున్నారా, రెండో రకం కింద రాసుకున్నారా అని అడగడం మన హక్కు. మా ఇంటి గుమ్మానికి వరుసగా నాలుగు రాత్రులు గుడ్లు విసిరినప్పుడు నేను అడగలేదు. అది 'పేటలో కుర్రాళ్ల అల్లరి' కింద నమోదైంది. మా పై అంతస్తు కిటికీలకేసి చూస్తూ పేరు పెట్టి పిలిచి మరీ విసిరారన్న ముఖ్యమైన సంగతి ఆ నమోదులో లేదు.

ఏం జరిగిందో కూడా కొంచెం చెప్పాలి. వారంలో నాలుగైదు రాత్రులు పెద్ద శబ్దంతో పాటలు. పాట వినబడితే అయినా కొంత నయం. గోడ దాటి వచ్చేది పాట కాదు, దాని అడుగున ఉండే దిమ్ దిమ్ మాత్రమే. మంచం పక్క బల్ల మీద పెట్టుకున్న గ్లాసులోని నీళ్ల మీద సన్నని వలయాలు లేచేవి. మా అబ్బాయి ఆ సంవత్సరం జీసీఎస్‌ఈ పరీక్షలకు, అంటే మన పదో తరగతి లాంటి వాటికి, చదువుకుంటున్నాడు. పడకగది వదిలేసి కింద వంటగది బల్ల దగ్గర చదివి, సోఫాలో పడుకునేవాడు. దానికి తోడు వెనక సందులో నంబరు ప్లేటు లేని మోటారుబైకులు, మా ముందు ప్రహరీ మీద అర్ధరాత్రి దాకా కూర్చునే గుంపు, కంచె మీదుగా మా పెరట్లో పడే చెత్త సంచులు. విడివిడిగా చెప్పుకుంటే ఇందులో ఏదీ పెద్దది కాదు. 'ఇంత చిన్నదానికి పోలీసులా?' అని మమ్మల్ని ఆరు వారాలు ఆపింది ఆ చిన్నతనమే.

ఆపిన మరో సంగతి భయం. "ఏమండీ, ఫోన్ చేసింది మనమే అని వాళ్లకు తెలిస్తే?" అని నా భార్య అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఎదురింట్లో అద్దెకుంటున్న తెలుగు అబ్బాయిని కలిసి మాట్లాడితే, "అన్నా, మేం అద్దెకుంటున్నవాళ్లం, పైగా వీసా మీద ఉన్నాం, మనకెందుకులే" అన్నాడు. ఈ మాట మన సమాజంలో ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో మనందరికీ తెలుసు. చట్టబద్ధంగా ఉంటున్న మనిషి బాధితుడిగా ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసాకు ఏ ముప్పూ లేదు. ఫిర్యాదు చేయడానికి సొంత ఇల్లు ఉండాలన్న నియమం కూడా లేదు. ఇక పేరు బయటపడటం గురించి: మొదటి దశలో అధికారులు మన పేరు చెప్పరు, కానీ ఉమ్మడి గోడ ఉన్నచోట శబ్దం గురించి ఎవరు చెప్పి ఉంటారో ఊహించుకోవడం కష్టం కాదు, అది ఒప్పుకోవాలి. మత్తుమందుల అమ్మకం లాంటి నేరం గురించి అసలు పేరే చెప్పకుండా తెలియజేయాలంటే క్రైమ్‌స్టాపర్స్ అనే స్వతంత్ర సేవాసంస్థ ఉంది. 0800 555 111 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది నమ్మదగిన సేవ. కాని పేరు లేకుండా చెప్పినది మన లెక్కలో ఎక్కడా చేరదు. తరువాత నేను చెప్పబోయే కేస్ రివ్యూకు కావలసింది ఆ లెక్కే.

101 గురించి. ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉన్నప్పుడు, నేరం కళ్లముందు జరుగుతున్నప్పుడు 999. మిగిలిన అన్నింటికీ 101. 2020 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబరుకు ఫోన్ చేయడం ఉచితం. ఇంగ్లీషులో వివరంగా చెప్పలేనివారు దుభాషి కావాలని అడగవచ్చు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే కుటుంబాలు ఇది గుర్తుపెట్టుకోవాలి. నా అనుభవంలో రాత్రి పూట 101కు ఫోన్ చేస్తే ఎదురుచూపు ఎక్కువ. రెండుసార్లు అరగంట ఆగి పెట్టేశాను. పెట్టేసిన ఫోన్ వారి లెక్కలో ఎక్కడా ఉండదు. అందువల్ల పోలీసుల వెబ్‌సైటులోని ఆన్‌లైన్ ఫారమే మేలని తేల్చుకున్నాను. పది నిమిషాల పని, వెంటనే రిఫరెన్స్ నంబరు వస్తుంది, మనం రాసిన మాటలు మన మాటలుగానే నమోదవుతాయి. ఫోనులో చెప్పినప్పుడు అవతలివారు క్లుప్తం చేసి రాసుకుంటారు, ఆ క్లుప్తంలో మన నిద్ర పోతుంది, పిల్లవాడి పరీక్ష పోతుంది, మిగిలేది 'శబ్దం' అన్న ఒక్క మాట.

అదే వెబ్‌సైటులో పోస్టుకోడ్ కొడితే మన పేటకు కేటాయించిన పోలీసు బృందం వివరాలు, వారు జనంతో సమావేశమయ్యే తేదీలు కనిపిస్తాయి. నేను ఒక సమావేశానికి వెళ్లాను. గ్రంథాలయంలో ఒక మూల, ఆరుగురం ఉన్నాం. మా వీధికి వచ్చే పీసీఎస్‌ఓ, అంటే కానిస్టేబుల్‌కు ఉన్న అరెస్టు అధికారాలు లేని సహాయ అధికారిణి, ఆ రోజు నాకు ఇచ్చిన ఇరవై నిమిషాలు అంతకు ముందు మూడు నెలల్లో నాకు దొరికిన సహాయం కంటే ఎక్కువ. వెనక సందులోకి బైకులు ఏ వైపు నుంచి వస్తున్నాయో నా చేత కాగితం మీద గీయించుకుంది. ఆ తరువాతి వారం నుంచి ఆ వేళకు ఆ సందులో కనిపించింది.

కౌన్సిల్ శబ్ద విభాగానికి నేను మధ్యస్థమైన మార్కులే వేస్తాను, అయితే దాని చేతిలో ఉన్న చట్టం బలమైనది. 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం ప్రకారం శబ్దం గురించి ఫిర్యాదు వస్తే విచారించడానికి తగిన చర్యలు తీసుకోవడం కౌన్సిల్ బాధ్యత. అది చట్టం చెప్పే స్థాయి బెడద అని తేలితే ఆపమని నోటీసు ఇవ్వవలసిందే. ఈ చట్టంలో ఇన్ని డెసిబెల్స్ అన్న గీత లేదు. సాధారణ మనిషికి భరించరానిదా, ఏ వేళ, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నవే ప్రశ్నలు. డెసిబెల్స్ లెక్క ఉన్నది 1996 నాటి శబ్ద చట్టంలో: రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు, మన ఇంటి లోపల కొలిచినప్పుడు, చుట్టూ ఉండే మామూలు సద్దు 24 డెసిబెల్స్ దాటకపోతే 34 డెసిబెల్స్, దాటితే ఆ సద్దు మీద మరో 10 డెసిబెల్స్ పరిమితి. నేను ఫోనులోని ఒక ఉచిత యాప్‌తో కొలిచిన అంకెలన్నీ పట్టికగా రాసి పంపాను. వాటికి విలువ లేదని తరువాత తెలిసింది. అధికారులు తమ పరికరంతో కొలిచినదే లెక్క. నా రెండు నెలల శ్రమ అలా పోయింది. చెప్పవలసినవారు మొదటి ఈమెయిల్‌లోనే ఒక వాక్యంలో చెప్పి ఉండవచ్చు.

మా కౌన్సిల్‌లో రాత్రిపూట ఇంటికి వచ్చి వినే అధికారులు శుక్ర, శనివారాల్లో మాత్రమే ఉంటారు. మా పక్కింటివారి సంగీతం ఎక్కువగా మంగళ, బుధవారాల్లో. శబ్దాన్ని నమోదు చేసే పెట్టెను ఇంట్లో అమర్చడానికి వరుసలో 11 వారాలు ఆగాలన్నారు. ఈ సేవలో నాకు అన్నింటికంటే ఎక్కువ కష్టం కలిగించిన భాగం ఇదే. ఆ 11 వారాల్లో మా అబ్బాయి పరీక్షలు మొదలై అయిపోయాయి.

ఇక డైరీ షీటు, అంటే ఏ రోజు ఏం జరిగిందో మనం రాసుకునే కాగితం. కౌన్సిల్ అయినా, హౌసింగ్ అసోసియేషన్ అయినా మొదట చేతికి ఇచ్చేది ఇదే. చాలామంది దీన్ని మనల్ని వదిలించుకోవడానికి ఇచ్చే కాగితం అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి షీటులో మొదటి వాక్యం ఇది: 'రాత్రి మళ్లీ గోల, ఇక భరించలేకపోతున్నాం.' అలాంటివి రెండు పేజీలు రాసి పంపితే, కౌన్సిల్ అధికారి ఫోన్ చేసి చాలా సౌమ్యంగా ఒక మాట అన్నారు. "మీరు రాసినదంతా నేను నమ్ముతున్నాను, కానీ దీన్ని పట్టుకుని న్యాయమూర్తి ముందు నిలబడితే, ఏ రోజు ఏం జరిగిందని అడిగిన మొదటి ప్రశ్నకే నేను తెల్లమొహం వేయాలి." ఆయన చెప్పిన పద్ధతిలో రాసిన తరువాతి పద్దు ఇలా ఉంది: 'మంగళవారం, రాత్రి 11.40 నుంచి 2.15 వరకు. వెనక పడకగది, కిటికీలు మూసి ఉన్నాయి. బేస్ శబ్దం, ఆపకుండా. గ్లాసులో నీళ్లు అదిరాయి. బాబు 12.30కి కిందికి వెళ్లి సోఫాలో పడుకున్నాడు, ఉదయం బడికి 40 నిమిషాలు ఆలస్యం. ఆన్‌లైన్‌లో పోలీసులకు తెలిపాను.' దాని పక్కన రిఫరెన్స్ నంబరు. ఇందులో కోపం లేదు, విశేషణం లేదు. కాని చదివినవారికి ఆ రాత్రి కళ్లకు కడుతుంది. ఈ రాతలకు ఎందుకింత బలం అంటే, ఇలాంటి వ్యవహారంలో హౌసింగ్ అసోసియేషనో కౌన్సిలో పోలీసులో కోర్టుకు వెళ్లి తెచ్చే ఇంజంక్షన్, అంటే ఇలా చేయకూడదన్న కోర్టు ఉత్తర్వు, సివిల్ వ్యవహారం. నేరం కేసులో లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. తేదీ, వేళ ఉన్న వంద పద్దులు ఆ త్రాసును మొగ్గేలా చేస్తాయి. ఆ ఇంజంక్షన్‌ను ఉల్లంఘించినవారు మాత్రం కోర్టు ధిక్కారం కింద జైలుకు కూడా వెళ్లవచ్చు.

హౌసింగ్ అసోసియేషన్ గురించి ఎక్కువ చెప్పను. మూడు నెలల్లో మా కేసు నలుగురు ఉద్యోగుల చేతులు మారింది, ప్రతి కొత్తవారికీ నేను మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. రెండు ఇళ్లవారినీ కూర్చోబెట్టి రాజీ మాట్లాడిస్తామన్నారు; మేము ఒప్పుకున్నాం, అవతలివారు రాలేదు. తృప్తి కలగకపోతే అక్కడి ఫిర్యాదు ప్రక్రియ అంతా పూర్తి చేసి, ఆ తరువాత హౌసింగ్ అంబుడ్స్‌మన్ అనే స్వతంత్ర విచారణాధికారి దగ్గరకు వెళ్లే దారి ఉంది. అయితే అక్కడికి వెళ్లగలిగేది ముఖ్యంగా ఆ యజమాని కింద అద్దెకుండేవారు, ఇంట్లో కొంత వాటా కొనుక్కుని ఉండేవారు. మాలాగా పక్కన సొంత ఇల్లు ఉన్నవారికి కౌన్సిల్ తీరు గురించి అయితే స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఈ మధ్యలో ఒక సాయంత్రం, రెండిళ్ల అవతల ఒంటరిగా ఉండే పెద్దావిడ మా ఇంటికి టీకి వచ్చారు. మాటల్లో తేలింది, ఆవిడ కూడా నాలుగుసార్లు ఫిర్యాదు చేశారట. రెండుసార్లు కౌన్సిల్‌కు, ఒకసారి పోలీసులకు, ఒకసారి అసోసియేషన్‌కు. అదే గుంపు, అదే ప్రహరీ, అవే బైకులు. నాలుగింటికీ 'మీ ప్రాంతం నుంచి ఇతర ఫిర్యాదులు లేవు' అన్న అర్థంలో సమాధానం వచ్చింది. ఆ ఉత్తరాలు సంచిలోంచి తీసి నా ముందు పెట్టారు. నా దగ్గర అప్పటికి 19 రిఫరెన్స్ నంబర్లు ఉన్నాయి. పోలీసుల నంబర్లు కౌన్సిల్‌కు తెలియవు, కౌన్సిల్‌వి అసోసియేషన్‌కు తెలియవు, మావి ఆవిడకు తెలియవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి పక్కింటి సంగీతం కారణం కాదు.

ఈ ఖాళీ ఎంత దూరం తీసుకెళ్లగలదో ఈ దేశానికి తెలుసు. 2007లో లెస్టర్‌షైర్‌లో, ఏళ్ల తరబడి కుర్రాళ్ల గుంపు ఇంటిమీద పడి పెట్టిన వేధింపులకు తాళలేని స్థితిలో ఒక తల్లి, వైకల్యం ఉన్న ఆమె కూతురు ప్రాణాలు కోల్పోయారు. 2009లో జరిగిన విచారణలో ఆ తల్లి పోలీసులకు 33 సార్లు మొరపెట్టుకున్నదని తేలింది. ఒక్కో ఫోనునూ ఒక్కో చిన్న సంగతిగా చూశారు తప్ప, అవన్నీ ఒకే ఇంటి నుంచి వస్తున్న ఒకే ఆక్రందన అని ఎవరూ కలిపి చూడలేదు. 2014 చట్టంలోని 104వ సెక్షన్ కింద వచ్చిన కేస్ రివ్యూ సరిగ్గా ఆ కలిపి చూడటం కోసమే. మొదట్లో దీన్ని కమ్యూనిటీ ట్రిగ్గర్ అనేవారు, ఇప్పటికీ కొన్ని కౌన్సిళ్ల పేజీల్లో ఆ పేరే కనిపిస్తుంది.

నేను ఐదు నక్షత్రాలు ఇచ్చేది దీనికే. మూడు నక్షత్రాలు తగ్గించవలసి వస్తే అదీ దీనికే, ఎందుకంటే ఇలాంటిది ఒకటి ఉందని 9 నెలల పాటు నాతో మాట్లాడిన ఉద్యోగుల్లో ఒక్కరూ చెప్పలేదు. పద్ధతి ఇది. ఆరు నెలల లోపు మూడు ఫిర్యాదులు చేసి ఉంటే, ప్రతి ఫిర్యాదూ సంఘటన జరిగిన నెల లోపు చేసినదై ఉంటే, సాధారణంగా అర్హత వచ్చినట్టే. స్థానిక నియమాలు ఈ సంఖ్యను మూడు కంటే పెంచడానికి వీల్లేదు. ఒక్కసారి అర్హత తేలితే కౌన్సిల్, పోలీసులు, ఆరోగ్య సేవల సంస్థ, హౌసింగ్ సంస్థ కలిసి కూర్చుని, ఇంతవరకు ఎవరు ఏం చేశారు, ఏం చేయలేదు అన్నది బల్లమీద పెట్టి, ఇకముందు చేయవలసింది రాసి మనకు తెలియజేయాలి. బాధితుడి అంగీకారంతో బంధువు, కౌన్సిలర్, ఎంపీ, ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఫిర్యాదులు అన్ని లేకపోయినా, ఎంత హాని జరిగింది, ఎంతకాలంగా జరుగుతోంది, ఇంతవరకు వచ్చిన స్పందన సరిపోయిందా అన్నవి చూసి అర్హత తేల్చవచ్చు. అర్హత లేదన్నా, నిర్ణయం నచ్చకపోయినా దాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే మార్గం ప్రతి ప్రాంతంలోనూ ఉండాలి. ఏడాదిలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటిని తిరస్కరించారు అన్న లెక్కను కూడా వారు ప్రచురించి తీరాలి. మీ కౌన్సిల్ పేజీలో ఆ లెక్క ఒకసారి వెదికి చూడండి.

నా దరఖాస్తులో 19 నంబర్లూ తేదీల వారీగా ఒకే పేజీలో పెట్టాను. పెద్దావిడ తన అంగీకారం సంతకం చేసి ఇచ్చారు. ఎదురింటి అబ్బాయి కూడా ఒక రాత్రి తలుపు తట్టి, "అన్నా, నేను కూడా మూడు వారాలుగా రాసి పెట్టాను, పనికొస్తుందేమో చూడండి" అని తన ఫోనులో రాసుకున్నవి చూపించాడు. అధికారుల సమావేశంలోకి మమ్మల్ని పిలవలేదు, కాని మా మీద ఈ వ్యవహారం చూపిన ప్రభావం ఏమిటో ముందుగా రాసి ఇవ్వమన్నారు. నా భార్య ఒక పేజీ రాసింది. అబ్బాయి నాలుగు వాక్యాలు రాశాడు.

నాలుగు వారాల్లో ఉత్తరం వచ్చింది. మా వీధి మొత్తానికి ఒకే అధికారిని బాధ్యులుగా పెట్టారు. అంతకాలం ఎదురుచూసిన రికార్డింగు పెట్టె 9 రోజుల్లో మా ఇంటికి వచ్చింది. అది పట్టిన శబ్దం విన్నాక కౌన్సిల్ పక్కింటికి ఆపమని నోటీసు ఇచ్చింది. హౌసింగ్ అసోసియేషన్ అద్దె ఒప్పందం ఉల్లంఘన కింద రాతపూర్వకమైన హెచ్చరిక చేసింది. బైకులవారిలో ఇద్దరికి కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసుకు, అంటే పేటవారిని ఇబ్బంది పెట్టే పని మానమని ఇచ్చే నోటీసుకు, ముందు ఇవ్వవలసిన హెచ్చరిక పత్రం అందింది. పదహారేళ్లు నిండిన ఎవరికైనా ఆ నోటీసు ఇవ్వవచ్చు, దాన్ని లెక్కచేయకపోవడం నేరం, కోర్టులో 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. ఇవన్నీ మొదటి నుంచీ వారి చేతుల్లో ఉన్న అధికారాలే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మన రంగు, దేశం, మతం, భాష పట్టుకుని ఒక్క మాట అన్నా, దాన్ని శబ్దం ఫిర్యాదులో ఒక మూల రాసి ఊరుకోకండి; ద్వేషంతో చేసినదని విడిగా చెప్పి, ఆ కోణంలో చూడమని అడగండి. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్యను పోలీసులు దర్యాప్తు చేసిన తీరుపై 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక నాటి నుంచి ఈ దేశంలో అనుసరిస్తున్న సూత్రం ప్రకారం, ఒక నేరం ద్వేషంతో జరిగిందని బాధితుడికో చూసినవారికో అనిపిస్తే చాలు, ఆ కోణంలో పరిశీలించాలి. గుడ్లు విసిరిన రాత్రి నా భార్యను ఉద్దేశించి అన్న మాటను మేము సిగ్గుపడి చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

రెండోది కెమెరా. తలుపు గంటకు కెమెరా పెట్టుకోవడం మంచిదే, కాని అది మన హద్దు దాటి పక్కవారి తోటనో వీధినో చూస్తుంటే సమాచార రక్షణ చట్టం బాధ్యతలు మన మీద పడతాయి. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు అలాంటి కెమెరాలు పెట్టుకున్న ఒక వ్యక్తికి వ్యతిరేకంగా, పక్కింటివారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. బాధితుడిగా మొదలై ప్రతివాదిగా మారవద్దు. మా కెమెరా కంటిని నేను మా గుమ్మం మెట్ల వరకే తిప్పి పెట్టాను.

సొంత ఇల్లు ఉన్నవారిలో మరో భయం ఉంటుంది. ఇల్లు అమ్మేటప్పుడు నింపే టీఏ6 ఫారంలో ఇరుగుపొరుగు తగాదాలు, ఫిర్యాదుల గురించి అడుగుతారు, అందుకని ఫిర్యాదే చేయకుండా ఉంటే మేలని కొందరు సలహా ఇస్తారు. నాకూ ఇచ్చారు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పకూడదన్నది నిజమే. కాని పరిష్కారమైన ఫిర్యాదును చూపించి ఇల్లు అమ్మడం, పరిష్కారం కాని గోలను దాచి అమ్మడం కంటే నిశ్చయంగా సులువు. పైగా అమ్మే రోజు దాకా ఆ ఇంట్లో నిద్రపోవలసింది మనమే.

ఇప్పుడు వారంలో ఒక రాత్రి పాటలు వినిపిస్తాయి, 11 దాటితే ఆగిపోతాయి. బైకులు పూర్తిగా పోలేదు. ఎండ కాసిన ఆదివారాల్లో వస్తాయి, వచ్చిన ప్రతిసారీ పది నిమిషాల ఫారం నింపుతాను. పెద్దావిడ నాలుగు ఫిర్యాదులనూ మా ఫైలులో కలిపి, ఆవిడకు విడిగా ఉత్తరం రాయాలని కేస్ రివ్యూలో తీర్మానించారు. ఫైలులో కలిపారు, ఉత్తరం మాత్రం ఇంకా రాలేదు. ఆవిడ ప్రతి ఉదయం టపా చూసుకుంటున్నారు. పోయిన సోమవారం నేను బాధ్య అధికారికి మళ్లీ రాశాను, తేదీ, రిఫరెన్స్ నంబరు వేసి.